కమ్మలు తెచ్చిన తగాదాలు

దీపావళి టపాకాయల ఖర్చు ఏ పద్దులో రాయాలో తెలియక తికమకపడే ఇంటి యజమానులు దాన్ని నిక్షేపంగా చెవికమ్మల పద్దులో రాసుకోవచ్చు. నరకాసురుడి నేరాల చిట్టాలో దేవతల తల్లి అదితి కుండలాలు ఎత్తుకుపోవడం కూడా ఉందని భాగవతం చెబుతోంది. ఇంద్రుడు వచ్చి మొరపెట్టుకున్నాడు, కృష్ణుడు సత్యభామను వెంటబెట్టుకుని బయల్దేరాడు, నరకుడు హతమయ్యాడు. కుండలాలు అదితికి అప్పగించడానికి స్వర్గానికి వెళ్లిన ఆ దంపతులు, తిరుగు ప్రయాణంలో పారిజాతాన్ని వేళ్లతో సహా పట్టుకొచ్చారు. పెద్దావిడ నగ ఇచ్చిరావడానికి వెళ్లి పెరట్లో చెట్టు పెకలించుకు రావడం సత్యభామకే చెల్లింది.

భారతంలో సంగతి ఇంకా ముదిరింది. నన్నయగారి ఆదిపర్వంలో ఉదంకుడు చదువు ముగించి గురుదక్షిణ ఏమివ్వమంటారని అడిగితే, గురుపత్ని పౌష్యమహారాజు దేవిగారి కుండలాలు కావాలంది. అవీ నాలుగో రోజు వ్రతానికి పెట్టుకోవాలట! పేరంటానికి పక్కింటి నగ మీద మనసుపడే అలవాటు ఎంత పాతదో చూడండి. మహారాణి ఇవ్వడమైతే ఇచ్చింది. నాగరాజు తక్షకుడి కన్ను వీటిమీదుంది, జాగ్రత్త నాయనా అనీ చెప్పింది. ఉదంకుడు వాటిని కిందపెట్టి ఆచమనం చేసే క్షణంలో అన్నంత పనీ జరిగింది, తక్షకుడు వాటిని ఎత్తుకుపోయాడు. పాతాళం దాకా వెంటపడి, నాగరాజులను స్తుతించి, ఎలాగో సాధించుకుని వేళకి గురుపత్ని చేతిలో పెట్టాడు. కోపం మాత్రం చల్లారలేదు. జనమేజయుడి దగ్గరికి వెళ్లి సర్పయాగానికి ఎగసనదోసింది ఈ ఉదంకుడే. ఒక జత కుండలాల కోసం పాముల వంశమే అంతరించబోయింది. ఇన్ని గొడవలు పెట్టిన నగల్లో వీటికి పోటీ నిలిచేది శమంతకమణి ఒక్కటే.

ఎందుకింత మోజు? గాజులు, ఉంగరాలు పెట్టుకున్నవాళ్లకీ కనబడతాయి. కమ్మలకు ఆ భాగ్యం లేదు. అద్దం ముందు నిలబడితే తప్ప సొంతదారుకు దర్శనమివ్వవు. అవి పూర్తిగా ఎదుటివాళ్ల సొత్తు. అందుకే పెళ్లిపందిట్లో పలకరింపు చెవి దగ్గరే మొదలవుతుంది: "కొత్తవా వదినా? ఎన్ని గ్రాములు? మజూరీ ఎంత వేశాడు?" ఏడురాళ్ల దుద్దులైతే ఒక మర్యాద, బుట్టలైతే ఒక మర్యాద. బోసిచెవులతో వస్తే మర్యాద మాట అటుంచి, కమ్మలు తాకట్టులో ఉన్నాయేమోనని ఊరంతా గుసగుస.

మగవాళ్లు దీన్ని ఆడవాళ్ల పిచ్చి అని కొట్టిపారేయడానికి వీల్లేదు. అమరావతి శిల్పాల్లో పురుషుల చెవులు చూస్తే నోరు మూతపడుతుంది. న్యూయార్క్‌లోని మెట్రోపాలిటన్ మ్యూజియంలో క్రీస్తుపూర్వం ఒకటో శతాబ్దం నాటి బంగారు కర్ణాభరణాల జత ఉంది. అవి ఆంధ్రదేశానివి కావచ్చని మ్యూజియం వారి అంచనా. వాటిమీద ఏనుగు, రెక్కల సింహం. ఏనుగును మోయడం చెవితమ్మెకు మాటలా? తమ్మెలు తెగితే అతికించడానికి సుశ్రుతుడు పదిహేను పద్ధతులు చెప్పాడంటే, ఆయనకు బేరాలు బాగానే వచ్చి ఉంటాయి.

చెవులు కుట్టే పద్ధతీ ఆయనే చెప్పాడు: మగపిల్లాడికి ముందు కుడిచెవి, ఆడపిల్లకు ముందు ఎడమచెవి; బిడ్డను దాది ఒళ్లో కూర్చోబెట్టి, ఆటబొమ్మలతో ఏమార్చి కుట్టాలి. మనవైపు దాది స్థానంలో మేనమామ వచ్చాడు, ఆటబొమ్మ స్థానంలో సెల్‌ఫోన్ వచ్చింది. ఏడుపులో మాత్రం మార్పు లేదు. ఇక కుట్టిన రంధ్రం పూడిపోకుండా వేపపుల్ల పెట్టుకుని ఏళ్లు గడిపిన అమ్మమ్మలు, బంగారం కొనే రోజు కోసం ఎంత ఓర్పుగా ఎదురుచూశారో లెక్కగట్టడం కష్టం.

ఈ రోజుల్లో తక్షకుడి పని సీల చూసుకుంటోంది. మర వదులైందంటే కమ్మ జారి ఏ స్నానాలగది తూములోకో చేరుతుంది. పోయేది ఎప్పుడూ ఒక్కటే. రెండోది బీరువాలో జత కోసం ఎదురుచూస్తూ ముసలిదవుతుంది. చివరికి దాన్ని మార్చబోతే కొట్టువాడు తరుగు తీస్తాడు.

కొనేటప్పుడే జాగ్రత్తపడటం మేలు. హాల్‌మార్క్ ఉన్న నగ మీద ఆరక్షరాల గుర్తింపు సంఖ్య ఉంటుంది. రెండు గ్రాముల లోపు బంగారు నగలకు ఆ ముద్ర తప్పనిసరి కాదు, పసిపిల్లల పోగులు చాలావరకు ఆ తూకంలోనే వస్తాయి. కాబట్టి మేనమామలూ, బిల్లు అడిగి పుచ్చుకోండి.