బ్రాంచీ మామ

హనుమంతునిపాడు బస్టాండు దగ్గరి టీ అంగట్లో ఆయన్ను చూడాలంటే ఎంసెట్ ర్యాంకులు వచ్చిన మర్నాడు పోవాలి. 2021లో ప్రభుత్వం దాని పేరు ఈఏపీసెట్ అని మార్చింది గానీ మామ మార్చలేదు. ఇలాంటి మామ కనిగిరిలో ఉన్నాడు, పామూరులో ఉన్నాడు, మీ వీధిలోనూ ఉండే ఉంటాడు. చదివింది ఇంటరు, అదీ లెక్కల పేపరు దగ్గర ఆగింది. అయినా కనిగిరి వేలం కేంద్రంలో బయ్యరు పొగాకు నలిపి గ్రేడు తేల్చినట్టు, ర్యాంకు కార్డు వేళ్ళ మధ్య ఒకసారి తిప్పి బ్రాంచి తేల్చేస్తాడు. పిల్లకు ఏది ఇష్టమో అడగడు. ఆకును ఎవరడుగుతారు?

వైటూకే రోజుల్లో కంప్యూటర్లు తప్ప మరోటి చదివితే అడుక్కుతింటారన్నాడు. ఆ మాట విని చేరినవాళ్ళు బయటికొచ్చేసరికి అమెరికాలో డాట్‌కామ్ కంపెనీలు బోర్లాపడ్డాయి. మామ తొణక్కుండా "ఈసీఈరా అబ్బయా, అటూ పోవచ్చు, ఇటూ పోవచ్చు" అన్నాడు. 2019లో గ్రామ సచివాలయాల్లో ఇంజినీరింగ్ అసిస్టెంట్ల ఉద్యోగాలు పడ్డప్పుడు ఆర్నెల్లు సివిల్ వాడయ్యాడు. 2025 ఏప్రిల్‌లో పీసీ పల్లి మండలం దివాకరపల్లిలో రిలయన్స్ బయోగ్యాస్ ప్లాంటుకు శంకుస్థాపన జరిగితే, ఆ వారం పొడుగునా కెమికల్. ఏ శిలాఫలకం చివరిగా చూస్తే ఆ బ్రాంచి అన్నమాట. ప్రతిసారీ ముక్తాయింపు ఒకటే: "నేనప్పుడే చెప్పలా?"

ఇప్పుడు మాత్రం సీఎస్ఈ దగ్గర స్థిరపడ్డాడు. బ్రాంచికి ఇన్నే సీట్లన్న పరిమితిని ఏఐసీటీఈ 2024-25 నుంచి మంచి కాలేజీలకు ఎత్తేశాక ఆ సీట్లు పుట్టగొడుగుల్లా లేచాయి. సీఎస్ఈ రాకపోతే ఏఐ-ఎంఎల్, అదీ రాకపోతే డేటా సైన్స్, సైబర్ సెక్యూరిటీ. వీటికి తేడా ఏంది మామా అంటే "బోర్డు మీది అక్షరాలురా" అంటాడు. మొదటేడు పుస్తకాలు దాదాపు అవే కాబట్టి, తెలియక చెప్పినా సగం నిజమే చెప్పాడు.

మొన్న ఒక తాపీ మేస్త్రీ, బెంగళూరు పనుల నుంచి వచ్చినాయన, కూతుర్ని వెంటబెట్టుకొని వచ్చాడు.

"బావా, పాప సివిల్ అంటంది."

"సివిలా? ఆడపిల్లకి ఎండలో పనేందయ్యా?"

"అమ్మ కంది చేలోకి పోయేది ఎండలోనే గదా మామా" అంది పిల్ల.

మామ టీ గ్లాసు కింద పెట్టాడు. అరుదైన సంగతి. పిల్ల ఆగలేదు.

"వెలిగొండ సొరంగం తవ్వింది ఏ బ్రాంచోళ్ళు మామా?"

"అన్ని బ్రాంచోళ్ళూ ఉన్నారమ్మా. అందుకే 1996లో రాయేస్తే రెండో సొరంగం బయటపడేసరికి 2024 వచ్చింది."

అంగడంతా నవ్వింది. మామ హాస్యానికన్నాడు గానీ అసలు సమాధానం అందులోనే ఉంది. శ్రీశైలం జలాశయం పక్కన కొల్లంవాగు నుంచి నల్లమల కడుపులోగుండా నీళ్ళు తేవాలంటే, రాయి ఎట్టాంటిదో చెప్పాల్సింది జియాలజీ, తొలిచే యంత్రం మెకానికల్, దానికి కరెంటు ఈఈఈ, గోడలకు కాంక్రీటు సివిల్. ఏ ఒక్క బ్రాంచీ అక్కడ ఒంటరిగా కొండ దాటలేదు. ఈ మాట ఎంసెట్ కోచింగులో ఎవరూ చెప్పరు. మామకూ తాను చెప్పానని తెలియదు. పిల్ల మాత్రం తెలుసుకున్నట్టే ఉంది, మారు మాట్లాడకుండా సివిల్ అనే పోయింది.

ఇంతకీ మామ సొంత కొడుకు చదివింది మెకానికల్. ఆప్షన్లు పెట్టిన రోజు మామ గిద్దలూరులో పెళ్ళికి పోయున్నాడు, అదే అవకాశం. ఇప్పుడు శ్రీసిటీలో ఏసీల ఫ్యాక్టరీలో ఉద్యోగం. ఆ సంగతి ఎవరన్నా ఎత్తితే మామ "పిల్లోడు బానే ఉన్నాళ్ళే" అని టీకి చక్కెర తక్కువైందంటాడు.

ఈ ఏడు కౌన్సెలింగ్‌కు పోయే పిల్లల్లారా, మామ దగ్గరికి తప్పకుండా వెళ్ళండి, టీ ఆయనే ఇప్పిస్తాడు. సిలబస్సులు కాలేజీ సైట్లలో ఉంటాయి, వెళ్ళేముందు ఒకసారి చదువుకోండి. లాగిన్ పాస్‌వర్డు మాత్రం ఆయనకు చెప్పొద్దు.