నేను ఆళ్లగడ్డ సన్నవడ్ల గింజను

అంగట్లో నన్ను కర్నూలు సోనా అంటారు. పరిశోధకులు పెట్టిన పేరు బీపీటీ 5204, సాంబ మసూరి. 1986లో బాపట్ల కేంద్రం నుంచి రైతుల మడుల్లోకి వచ్చిన రకం మాది. కోయంబత్తూరు జీఈబీ 24, తైవాన్ టీఎన్ 1, మలేషియా మసూరి మా పెద్దలు. పుట్టిల్లు బాపట్లయినా నాకు పేరు తెచ్చిపెట్టింది మాత్రం నంద్యాల, ఆళ్లగడ్డల నల్లరేగడి, కేసీ కాలువ నీళ్లే.

కాలువకు నీళ్లు ఎప్పుడొస్తే అప్పుడే నా జాతకం మొదలు. నేను 145–150 రోజుల పంటను. ముందు నాటితే కోతకొచ్చే వేళకు తుపాను వానకు దొరుకుతాను. మరీ ఆలస్యమైతే పూత చలికి చిక్కి పొల్లు పెరుగుతుంది. పైగా అగ్గి తెగులంటే నాకు మొదటి నుంచీ భయమే. ఇవన్నీ దాటి పాలు పోసుకునే రోజుల్లో రాత్రులు కాస్త చల్లగా ఉంటే నిదానంగా నిండుతాను, అద్దంలా మెరుస్తాను. ఎండ మండితే గింజ పొట్టలో సుద్దలాంటి తెలుపు మిగులుతుంది. అలాంటి గింజ మిల్లులో నిలవదు.

అసలు పరీక్ష కోత రోజుది. ఈనిన నెల రోజులకు కంకిలో నూటికి ఎనభై గింజలు పసుపు తిరుగుతాయి, ఒంట్లో తేమ 20–22 శాతం ఉంటుంది. అదే అదను. అంతకుముందే కోస్తే పచ్చిగింజ, తాలు ఎక్కువ. ఇంకా ఆగితే పగలు ఎండి రాత్రి మంచు పీలుస్తాను. ఆ ఎండటం, తడవటం మధ్య లోపల సన్నని పగుళ్లు పడతాయి. పైకి నిండుగానే కనిపిస్తాను, మర పట్టాక సగం నూకే.

ఫ్రాన్సులో షాంపేన్ తయారుచేసే చోట షార్డొనే ద్రాక్షను పులుపు తగ్గకముందే కోస్తారట. ఇంకా ఎండ తగిలితే తీపి పెరిగి పులుపు దిగిపోతుంది, వైన్ తీరే మారిపోతుంది. పండు ఏదైనా, గింజ ఏదైనా కోత రోజే రుచి తేలుస్తుంది.

కానీ మా రైతుకు ఆ రోజును ఎంచుకునే వీలు తక్కువ. కోత మిషన్ దొరికిన రోజే ముహూర్తం. మబ్బు పడితే పచ్చిగానే కోయిస్తాడు. తర్వాత తారు రోడ్డు మీద పట్టలు పరిచి, కాళ్లతో తిరగేస్తూ నన్ను ఎండబెడతాడు. సర్కారు కొనుగోలుకు తేమ 17 శాతం దాటకూడదు, నిల్వకు 14 శాతానికి దిగాలి. అది దిగేదాకా రోడ్డు మీదే అతని కాపలా.

పాతబడ్డాక పొడిపొడిగా ఉడుకుతానని మీరు నన్ను మెచ్చుకుంటారు. ఆ మెప్పులో సగం, రెండు రోజులు ఆగి సరైన వేళకు కోసిన రైతుది. అతను అలా ఆగాలంటే ఊరికో కళ్లం, సరిపడా పట్టలు, ఎండబెట్టే యంత్రం కావాలి. ముందు అవి ఇవ్వండి. నాణ్యత సంగతి నేను చూసుకుంటాను.