నాలుగో రకం మనుషులు

మనుషులు మూడు రకాలని భర్తృహరి ఏనాడో తేల్చేశాడు. అడ్డంకులొస్తాయని భయపడి పని మొదలే పెట్టనివాళ్లు, మొదలుపెట్టి మధ్యలో చాప చుట్టేసేవాళ్లు, ఎన్ని దెబ్బలు తిన్నా పూర్తయ్యేదాకా వదలనివాళ్లు. ఏనుగు లక్ష్మణకవి ఆ మాటను తెలుగు పద్యం చేశాడు, తెలుగు మాస్టార్లు బెత్తం పట్టుకుని దాన్ని మనచేత అప్పజెప్పించుకున్నారు. పాపం, స్మార్ట్‌ఫోన్ లేని కాలం గనక నాలుగో రకం భర్తృహరి కంట పడలేదు. వీళ్లు పని మొదలుపెట్టరు, అలాగని మానుకోనూ మానుకోరు. మొదలుపెట్టడానికి కావలసిన స్ఫూర్తిని పోగుచేసుకుంటూ ఉంటారు.

ఈ నాలుగో రకానికి సంఘం అంటూ పెడితే మా బావమరిది ఏకగ్రీవంగా అధ్యక్షుడవుతాడు. ఏటా ఆగస్టులో జరిగే హైదరాబాద్ మారథాన్‌లో పరిగెత్తడం వాడి జీవితాశయం. ఏ సంవత్సరం ఆగస్టు అన్నది మాత్రం ఇంకా ప్రకటించలేదు. 42.195 కిలోమీటర్లకు సరిపడా సరంజామా ఇంట్లో సిద్ధంగా ఉంది. మెత్తటి బూట్లు, చెమట పీల్చే చొక్కా, గుండె చప్పుడు లెక్కపెట్టే వాచీ, నీళ్ల సీసా తగిలించుకునే నడుం పట్టీ. అలమరలో యండమూరి 'విజయానికి ఐదు మెట్లు' కూడా ఉంది. మొదటి అంతస్తులోని ఇంటికి మాత్రం లిఫ్టులో వెళ్తాడు.

పొద్దున్నే ఐదింటికి లేస్తాడు, లేవడని అంటే కళ్లు పోతాయి. లేచి మంచం మీదే స్ఫూర్తి వీడియోలు పెట్టుకుంటాడు. ఒకాయన సింహం గురించి చెబుతాడు, ఇంకొకాయన డేగ గురించి, మరొకాయన వెదురు మొక్క గురించి. ఆరున్నరయ్యేసరికి వాడికి పూనకం వస్తుంది. అప్పటికి పాలు రావడం, పిల్లల ఆటో హారన్ కొట్టడం ఒక్కసారే మొదలవుతాయి. పూనకం మర్నాటికి వాయిదా.

"21 రోజులు ఆపకుండా చేస్తే అలవాటైపోతుంది బావా, సైన్స్ చెప్పింది" అన్నాడు ఓసారి. ఆ సైన్స్ పుట్టుక వినదగ్గదే. మాక్స్‌వెల్ మాల్ట్జ్ అని అమెరికాలో ఓ ప్లాస్టిక్ సర్జన్. ముక్కు సరిచేయించుకున్నవాళ్లు అద్దంలో తమ కొత్త మొహానికి అలవాటు పడడానికి కనీసం 21 రోజులు పడుతోందని 1960లో రాశాడు. చేతులు మారుతూ వచ్చే దారిలో 'కనీసం' జారిపోయింది, ముక్కూ జారిపోయింది, మిగిలిన 21 మనకు మంత్రమైంది. తర్వాత లండన్‌లో పరిశోధకులు నిజంగానే కొలిచి చూస్తే, ఓ కొత్త అలవాటు కుదరడానికి సగటున 66 రోజులు పట్టింది. మనిషిని బట్టి 18 నుంచి 254 దాకా తేలింది. '254 రోజుల్లో విజయం' అని ఫ్లెక్సీ కట్టి సెమినార్ పెట్టండి, కుర్చీలు కూడా లేచిపోతాయి.

ముహూర్తాల్లో మనకున్న వెసులుబాటు ఇంకెవరికీ లేదు. వారం, నెల, సంవత్సరం మొదట్లో జనంలో సంకల్పాలు పొంగుతాయని 2014లో అమెరికా పరిశోధకులు కనిపెట్టారు. మనకైతే జనవరి పోతే సంక్రాంతి, సంక్రాంతి పోతే ఉగాది. మధ్యలో మూఢం వస్తే మంచిపని ఎలాగూ మొదలుపెట్టకూడదు. ఆషాఢం సంగతి సరేసరి.

జనవరిలో మావాడు జిమ్‌కు ఏడాది డబ్బు ఒకేసారి కట్టేశాడు. నెలనెలా కడితే పట్టుదల సడలుతుందట. అమెరికాలో మూడు జిమ్‌ల లెక్కలు తిరగేసి ఇద్దరు ఆర్థికవేత్తలు 2006లో ఓ సంగతి బయటపెట్టారు. నెలకు 70 డాలర్ల పైన కట్టినవాళ్లు వెళ్లింది సగటున నాలుగుసార్లకు కాస్త ఎక్కువ. అంటే వెళ్లిన ప్రతిసారికీ 17 డాలర్ల పైమాటే. ఏ పూటకాపూట లెక్కన పాస్ కొనుక్కుంటే పదితో పోయేది. మిగతా ఏడు దేనికంటారా? 'నేను రోజూ జిమ్‌కు వెళ్లే మనిషిని' అన్న నమ్మకానికి అద్దె.

ఆ తర్వాత కుటుంబ వాట్సాప్ గ్రూపులో ప్రకటన వెలువడింది. పెద్దమ్మ దీవించింది, డల్లాస్ నుంచి చెల్లెలు చప్పట్లు కొట్టింది, బాబాయి పూలగుత్తి పంపాడు. మన సంకల్పాన్ని నలుగురూ గుర్తించేశాక దానికోసం మనం పడే శ్రమ తగ్గుతుందని పీటర్ గోల్విట్జర్ బృందం 2009లో లా విద్యార్థుల మీద పరీక్షించి చెప్పింది. మావాడు ఆ సాయంత్రం మెళ్లో పతకం పడ్డంత తృప్తిగా పకోడీలు తిన్నాడు.

అసలు లెక్క ఇంకోటుంది. 2002లో అచ్చయిన ఓ బ్రిటన్ పరిశోధనలో 248 మంది విద్యార్థులను మూడు జట్లు చేశారు. ఒక జట్టును దాని మానాన వదిలేశారు. రెండో జట్టుచేత, వ్యాయామం చేస్తే గుండెకు ఎంత మేలో చదివించారు. మూడో జట్టుచేత అది చదివించి, వచ్చేవారం ఏ రోజు, ఎన్ని గంటలకు, ఎక్కడ 20 నిమిషాలు వ్యాయామం చేస్తారో రాయించారు. వారం గడిచాక చూస్తే, రాసిన జట్టులో 91 శాతం మంది చేశారు. వదిలేసిన జట్టులో 38 శాతం. స్ఫూర్తి మాత్రమే పుచ్చుకున్న జట్టులో 35.

ఇది చెప్పి మావాడి చేతికి కాగితం, పెన్ను ఇచ్చాను. 'బుధవారం, పొద్దున ఆరూ పది, ఇందిరా పార్కు గేటు' అని రాసి, దానికేసి కాసేపు చూసి, కాగితం వెనక్కి తోశాడు.

"ఇలా రాస్తే ఎలా బావా? ఆరూ పావుకల్లా నేను రాలేదని తెలిసిపోతుంది కదా!"

మొత్తం వ్యాపార రహస్యం ఆ ఒక్క ముక్కలో ఉంది. తారీఖు లేని ఆశయానికి ఓటమి లేదు. 'ఏదో ఒకరోజు సాధిస్తా' అన్నవాణ్ణి ఏ రోజూ ఎవరూ నిలదీయలేరు. సెమినార్లలో, వీడియోల్లో మనం కొనుక్కునేది ఆ గడువులేని అభయాన్నే. టైమూ చోటూ రాసిన చీటీకి పైసా ఖర్చు లేదు గనక దాన్ని అమ్మేవాడు లేడు, అది మనల్ని పట్టిస్తుంది గనక అడిగేవాడూ లేడు.

పాఠకులకు మనవి. ఇదంతా చదివి మీలో ఏదైనా ఉత్సాహం ఉరకలేస్తుంటే జాగ్రత్త పడండి. మీరిప్పుడే 35 శాతం జట్టులో చేరిపోయారు. ఈ కాలమ్ జోలికి పోకుండా నేరుగా క్రికెట్ పేజీ తిప్పిన మీ ఇంటాయన 38లో ఉన్నాడు.