ఏడు గీతల్లో అక్షరం

మా రోజుల్లో ఏడు గీతల డిస్‌ప్లే మీద ఇంగ్లీషు అక్షరం వెలిగించాలంటే ముందు కాగితం మీద ఎనిమిది అంకె గీసుకుని కూర్చునేవాళ్ళం. పై గీత ఏ. అక్కణ్ణుంచి గడియారం ముల్లు తిరిగేవైపు బి, సి, డి, ఇ, ఎఫ్. నడుమ అడ్డగీత జి. వెలగాల్సిన గీతకి ఒకటి, అక్కర్లేనిదానికి సున్నా. అవి జి నుంచి ఏ దాకా వరసగా పేర్చి హెక్సాలో, అంటే పదహారు అంకెల లెక్కలో రాస్తే, హెచ్‌కి 76, ఎల్‌కి 38, పికి 73. సున్నా ఇస్తే గీత వెలిగే కామన్ ఆనోడ్ రకమైతే ఒకట్లూ సున్నాలూ తిరగేసి రాయాలి. ఎనభైల్లో 8085 మైక్రోప్రాసెసర్ కిట్టు ముందు కూర్చున్నవాళ్ళకి ఈ పట్టిక ఎక్కాల్లా నోటికొచ్చేది. తప్పు పడిందా, ప్రోగ్రాం ఉన్న ఈప్రామ్ చిప్పు పీకి, యూవీ లైటు కింద పెట్టి చెరిపి, మళ్ళీ మొదట్నించీ రాయాలి. అందుకే ముందే ఆలోచించేవాళ్ళం.

ఇప్పుడు లైబ్రరీ దించుకుంటారు, పదం పంపేస్తారు. అక్కడ ఏం వెలిగిందో కూడా చూడరు. ఈమధ్య ఒక పంపుసెట్టు ప్యానెల్ చూశాను. కరెంటు హద్దు దాటితే ‘మ్యాక్స్’ అని రావాలట. వచ్చిందేమిటి? పొంతన లేని మూడు గీతలు, పక్కన ఏ, ఆ పక్కన హెచ్! ఎం, ఎక్స్, కె, వి, డబ్ల్యూ... ఏటవాలు గీత లేనిచోట ఇవెలా వస్తాయి? రాత్రిపూట చేలో టార్చిలైటుతో నిలబడ్డ రైతు దాన్ని ఏమని చదవాలి? హెచ్, ఐ పెట్టి ‘హై’ అంటే సరిపోయేది కదా! మేం అక్షరాలకి తగ్గ మాట వెతికేవాళ్ళం. ‘వెయిట్’ కుదరదు గనక ‘హోల్డ్’. బోరులో నీళ్ళు లేకపోతే ‘డ్రై’. చిన్న డి, చిన్న ఆర్, వై మూడూ చక్కగా కుదురుతాయి.

అన్నిటికంటే బాధ ఆరు అంకెతో. అంకెని గీతలుగా మార్చే పాత 7447 చిప్పు ఆరుకి పై గీతా, తొమ్మిదికి కింది గీతా వెలిగించదు. ఉత్త అంకెలైతే ఫర్వాలేదు. తొమ్మిది తర్వాత ఏ నుంచి ఎఫ్ దాకా అక్షరాలే అంకెలయ్యే హెక్సాకి వచ్చేసరికి పెద్ద బి రాస్తే ఎనిమిది అయిపోతుంది, పెద్ద డి రాస్తే సున్నా అయిపోతుంది. కాబట్టి రెండూ చిన్నక్షరాలే రాయాలి. ఆ చిన్న బికీ, నెత్తిన గీత లేని ఆరుకీ ఇక తేడా ఏముంది? అందుకే మా పట్టికలో ఆరుకి 7డి, బికి 7సి అని ఖాయం చేసుకున్నాం. ఒక్క గీత, ఒక్క బిట్టు. అది లేకపోతే మెమరీలో ఉన్నది 06 అయినా 0బి అయినా కంటికి ఒకటే. తప్పెక్కడుందో తెలీక ప్రోగ్రామంతా తవ్వుకోవాలి. అందంగా ఉందని ఈ రోజుల్లో కూడా ఆరు నెత్తిమీది గీత తీసేసి, అదే డిస్‌ప్లేలో ఎర్రర్ కోడ్‌కి బి వాడేవాళ్ళని చూస్తే నాకు ఒళ్ళు మండుతుంది.

మన తెలుగు సంగతి సరేసరి. గుండ్రటి లిపి, గీతలకి లొంగదు. చుక్కల బోర్డే కావాలి. పదహారు వరసల బోర్డులో పైన గుడి, కింద వత్తు రెండూ పట్టాలి. కంప్యూటర్ ఫాంటుని నొక్కి అందులో కుక్కేస్తున్నారు. బట్టల కొట్టు బోర్డు మీద ‘వస్త్రాలయం’ అన్న మాటలో తవత్తూ రవత్తూ కలిసి ముద్దయిపోతున్నాయి. ఒక్కో చుక్కా చూసుకుంటూ చేత్తో పెడితే వస్తుంది, ఎందుకు రాదు? రెండు వత్తులకీ చోటు కావాలంటే తల అక్షరాన్ని రెండు వరసలు కుదించాలి, రవత్తుని కొంచెం ఎడమకి జరపాలి. ఒక పూట పని. కొట్టువాడి దగ్గర డబ్బు తీసుకున్నప్పుడు ఆ పూట పని చెయ్యండయ్యా!