ఎడమ మెదడు పెత్తనం

మా ఇంట్లో ఎడమ మెదడు నాది, కుడి మెదడు మా ఆవిడది. ఈ పంపకం చేసింది నేనే, ఆవిణ్ణి అడక్కుండా. ఒంగోలులో నీటిపారుదల శాఖ అకౌంట్స్ సెక్షన్లో ఉన్న రోజుల్లో ఏదో ఆదివారం అనుబంధంలో చదివాను: లెక్కా, తర్కమూ, మాటా ఎడమ సగానివట, పాటా, రంగూ, భావమూ కుడి సగానివట. రోజంతా కాంట్రాక్టర్ల బిల్లుల్లో తప్పులు పట్టే మనిషికి ఎడమ సగం కాక ఇంకేం వస్తుంది? సీరియల్ చూస్తూ కొంగుతో కళ్ళు ఒత్తుకునే మనిషికి మిగిలింది ఇచ్చేశాను.

ఆ కాగితం ముక్క నన్ను ఎన్ని గండాల్నించి గట్టెక్కించిందో చెప్పలేను. పెళ్ళికి రమ్మంటే, అక్కడ పలకరింపులు కుడి మెదడు పని, నాకు చేతకాదనేవాణ్ణి. చీర ఎలా ఉందంటే, రంగులు నా డిపార్టుమెంటు కాదనేవాణ్ణి. కోపం వచ్చి మాట్లాడ్డం మానేస్తే అది అలక కాదు, ఆలోచన. ఆవిడ మాట్లాడ్డం మానేస్తే మాత్రం అది అలకే.

రిటైరయ్యాక అమ్మాయి దగ్గరికని బెంగుళూరు వచ్చి వైట్‌ఫీల్డ్ దగ్గర పధ్నాలుగో అంతస్తులో స్థిరపడ్డాం. ఇక్కడ నా ఎడమ మెదడుకి పని లేకుండా పోయింది. కరెంటు బిల్లు ఫోనే కట్టేస్తుంది, పాలబ్బాయి లెక్క యాప్‌లో ఉంటుంది, చిల్లరన్నదే లేదు. కింద పార్కులో కూర్చుందామంటే అందరూ కన్నడమో హిందీయో మాట్లాడతారు. నాకొచ్చిన కన్నడమంతా ‘కన్నడ గొత్తిల్ల’ అని చెప్పడానికే సరిపోతుంది. క్రమంగా నేను బాల్కనీలో కుర్చీకి అతుక్కుపోయాను. ఎవరు పలకరించినా విసుక్కోవడం, చెప్పిందే చెప్పడం, యూపీఐ పిన్ మర్చిపోయి బ్యాంకు వాళ్ళే మార్చేశారని వాదించడం, ఇవన్నీ జరిగాక అమ్మాయి నన్ను జ్ఞాపకశక్తి పరీక్షకి తీసుకెళ్ళింది.

పరీక్ష పెట్టిన అమ్మాయిది కోలారు వైపు. తెలుగు బాగా మాట్లాడింది. నూటిలోంచి ఏడు తీసేయండి, వచ్చినదాంట్లోంచి మళ్ళీ ఏడు తీసేయండి అంది. 93, 86, 79 అని అందుకున్నాను. అయిదుసార్లు తీసేస్తే చాలట. ఆ అమ్మాయి ‘చాలు సార్’ అంటున్నా వినిపించుకోకుండా రెండు మిగిలేదాకా లాక్కెళ్ళాను. ఖాతా ముగించకుండా లేచే అలవాటు నాకు లేదు. తర్వాత నిమిషంలో గుర్తొచ్చినన్ని జంతువుల పేర్లు చెప్పమంది. ‘పెంపుడువా, అడవివా?’ అన్నాను. ‘ఏవైనా పర్లేదు.’ ‘పక్షులు ఇందులోకి వస్తాయా? చేపల సంగతేమిటి?’ నిబంధనలు తేలేసరికి సగం నిమిషం అయిపోయింది. మిగతా సగంలో ఆవు, గేదె, దున్న, మళ్ళీ ఆవు. పక్కన కూర్చున్న మా ఆవిడ ఉండబట్టలేక కంచరగాడిద, ముంగిస, ముళ్ళపంది అని గొణుగుతోంది. ఆవిడ పేరు మీద పరీక్షే లేదు.

ఆ తర్వాత మనసు గురించిన ప్రశ్నలు. వయసు మళ్ళినవాళ్ళలో దిగులుని కనిపెట్టడానికి 1980ల మొదట్లో తయారుచేసిన పట్టిక అది. అవునూ కాదూ అని చెబితే చాలు. బయటికి వెళ్ళడం కన్నా ఇంట్లో ఉండడమే మేలనిపిస్తుందా అన్న ప్రశ్న అందులో ఒకటి. అవునంటే దిగులు పద్దులో ఒక మార్కు పడుతుంది. ఈ ప్రశ్న కనిపెట్టినవాళ్ళు సిల్క్‌బోర్డ్ జంక్షన్ ట్రాఫిక్‌లో సాయంత్రం ఆరింటికి ఆటోలో కూర్చుని ఉండరు. లేకపోతే బెంగుళూరికి మినహాయింపు ఇచ్చేవాళ్ళు.

ఆ ఒక్క మార్కు తీసేసినా నా పద్దు బాగానే నిండింది. జ్ఞాపకం వయసుకు తగ్గట్టే ఉంది, మనసే బాలేదన్నారు డాక్టరుగారు. ముసలితనంలో దిగులు ఏడుపు రూపంలోనే రానక్కర్లేదట. విసుగ్గా, ఒళ్ళు నొప్పులుగా, మతిమరుపుగా కూడా వస్తుందట. నయమయ్యే జబ్బేనట. బి12, థైరాయిడ్ చూపించమన్నారు, చెవులు కూడా పరీక్ష చేయించమన్నారు. నాకు తల కొట్టేసినట్టయింది. మతిమరుపంటే ఒప్పుకునేవాణ్ణి, అది లెక్కల శాఖలో లోటు. మనసు బాలేకపోవడమేమిటి? అది పక్క సెక్షన్ ఫైలు కదా! ‘అది కుడి మెదడు వ్యవహారం కదండీ, నేను ఎడమ మెదడు మనిషిని’ అన్నాను. ఆయన నవ్వాపుకోవడానికి కంప్యూటర్ వైపు తిరిగారు.

ఆ నవ్వు నన్ను నిద్రపోనివ్వలేదు. మనవడి చేత నెట్‌లో వెతికించి పుస్తకాలు తిరగేస్తే నా ఆస్తి పత్రాల్లో సగం మాత్రం అసలైనవేనని తేలింది. మాట ఎడమ సగంలో ఉంటుందని 1860లలో పారిస్‌లో పాల్ బ్రోకా చెప్పింది నిజమే. ఆయన రోగికి మాటలన్నీ పోయి ‘టాన్’ అన్న ఒక్క ధ్వని మిగిలింది. చనిపోయాక చూస్తే ఎడమవైపు ముందుభాగం దెబ్బతిని ఉంది. మూర్ఛ తగ్గించడానికి రెండు సగాల్నీ కలిపే నరాల వంతెనని కోసిన రోగుల మీద పరిశోధన చేసి, రెండు సగాలకీ తేడాలున్నాయని చూపించినందుకు రోజర్ స్పెర్రీకి 1981లో నోబెల్ వచ్చింది. అంతవరకూ నా పక్షమే. కాని పనులకి పక్కలుంటాయి గాని మనుషులకి ఉండవట. అమెరికాలో యూటా విశ్వవిద్యాలయంవాళ్ళు వెయ్యి పైచిలుకు మంది మెదళ్ళ స్కానింగులు చూసి 2013లో చెప్పారు: ఎడమ మెదడు మనిషి, కుడి మెదడు మనిషి అన్న జాతులే వాళ్ళకి కనబడలేదని. అంటే నేను ఇన్నాళ్ళూ లేని కులానికి సర్టిఫికెట్ పెట్టుకుని రాయితీలు వాడుకున్నానన్నమాట.

దిగులుకైనా ఒక పక్క దొరుకుతుందేమోనని ఆశపడ్డాను. పక్షవాతం ఎడమవైపు ముందుభాగాన్ని దెబ్బతీస్తే దిగులు ఎక్కువ వస్తుందని 1980లలో గట్టిగానే వాదించారట. 2000లో లాన్సెట్ పత్రికలో అప్పటిదాకా వచ్చిన అధ్యయనాలన్నీ కలిపి చూస్తే ఆ వాదానికి బలం దొరకలేదు. వయసు పెరిగేకొద్దీ మనుషులు చెడు కన్నా మంచినే ఎక్కువ గుర్తుపెట్టుకుంటారని స్టాన్‌ఫర్డ్‌లో లారా కార్‌స్టెన్‌సెన్ వంటివాళ్ళు అంటారు. సగటున అట. సగటు తీసిన రోజున నేను సెలవులో ఉండి ఉంటాను.

కళ్ళతో చూస్తే గాని నమ్మకం కుదరదని హోసూరు రోడ్డు మీది నిమ్హాన్స్ ఆసుపత్రికి కూడా వెళ్ళాను. అక్కడ డాక్టర్ ఎస్.కె. శంకర్ 1995లో మొదలుపెట్టిన మెదళ్ళ భాండాగారం ఉంది, దానికి చేర్చి మ్యూజియం. సీసాల్లో మెదళ్ళు. చేతిలో పెట్టించుకుని చూడొచ్చు కూడా. కిలోంబావు పైచిలుకు బరువు. తిప్పి తిప్పి చూశాను. నా వాటా ఏదో, మా ఆవిడ వాటా ఏదో తెలియలేదు. మాట అర్థం చేసుకోవడానికి పనికొచ్చే ఒక మడత నూటికి 65 మెదళ్ళలో ఎడమవైపు పెద్దదిగా ఉందని 1968లో లెక్కగట్టారట. అదీ లోపల కోసి కొలిస్తే. పైకి చూస్తే రెండు సగాలూ ఒకే ముఖాలు.

ఇంటికొచ్చి చదివిన సంగతి మరీ ఘోరం. కుర్రవాళ్ళు కొన్ని జ్ఞాపకం పనులు చేసేటప్పుడు మెదడు ముందుభాగంలో ఒక పక్కే ఎక్కువ పనిచేస్తుంది. అదే పని ముసలివాళ్ళు చేస్తే రెండు పక్కలూ రంగంలోకి దిగుతాయి. రాబర్టో కబేజా 2002లో దీనికి ఒక పొడుగాటి పేరు పెట్టి పొట్టిగా హెరాల్డ్ అన్నాడు. వింటే కంటోన్మెంటులో రిటైరైన ఆంగ్లో ఇండియన్ స్టేషన్ మాస్టరెవరో అనుకున్నాను. ఒంగోల్లో నిండు సిలిండర్ని నేనొక్కణ్ణే వరండాలోంచి వంటింట్లోకి చేర్చేవాణ్ణి; ఇప్పుడు అక్కడికి వెళితే చెరో పక్కా పట్టుకుంటాం. హెరాల్డ్ అంటే అదే. పడుచుతనంలోనైతే నేను ఎడమవాణ్ణని డాబు కొట్టినా కాస్త అర్థం ఉండేది. ఈ వయసులో నా తలలోనే సరిహద్దు చెరిగిపోతోంది.

ఇందులో ఇంకా తేలని తగాదా ఒకటుంది. రెండో పక్క నిజంగా సాయానికే వస్తోందా, లేక నోరు మూసుకుని కూర్చోవాల్సిన చోట కూర్చోలేక మధ్యలో దూరుతోందా? శాస్త్రవేత్తల్లో రెండు పక్షాలూ ఉన్నాయి. ఇది మా ఆవిడకి చెప్పడం తెలివితక్కువ పని. ‘మీరు వంటింట్లోకి సాయానికి వస్తుంటారు కదా, అది ఈ రెంటిలో ఏ రకమో వాళ్ళనే అడగండి’ అంది.

మరి డాక్టరుగారి మందు? చిన్న మాత్ర ఒకటీ, జనంలోకి వెళ్ళి మాట్లాడమన్న సలహా ఒకటీ. ఇక్కడి జనంతో మాట్లాడాలంటే ఇంకో భాష కావాలి, దాని వెనక పెద్ద కథే ఉంది. ఇప్పుడు నిమ్హాన్స్‌లో ఉన్న డాక్టర్ సువర్ణ అల్లాడి హైదరాబాద్ నిమ్స్‌లో పనిచేసినప్పుడు సహచరులతో కలిసి 648 మంది డిమెన్షియా రోగుల వివరాలు చూశారు. ఒక్క భాషే వచ్చినవాళ్ళ కన్నా రెండు, అంతకు మించి భాషలు మాట్లాడేవాళ్ళకి జబ్బు నాలుగున్నరేళ్ళు ఆలస్యంగా మొదలైంది. 2013లో అచ్చయిన ఆ పరిశోధనలో, చదువు రానివాళ్ళలో కూడా ఆ లాభం కనిపించింది. అన్ని దేశాల్లోనూ ఇదే తేలిందని కాదు. కాని మన గల్లీల్లో తేలింది కదా!

ఇక్కడ నా పరిస్థితి చూడండి. మా ఆవిడ పుట్టింది చిత్తూరులో. తెలుగు ఎంతో అరవం అంతే. పనమ్మాయితో కన్నడం పట్టేసింది, సీరియళ్ళతో హిందీ. నాకు తెలుగు, ఆపైన ఆఫీసు ఇంగ్లీషు, అదీ ఫైళ్ళ మీద రాసేంత వరకే. భాష ఎడమ మెదడుదని నేను సొంతం చేసుకున్నాను, కాపురం చేసింది ఆవిడ.

అందుకని కన్నడం మొదలుపెట్టాను. మా గేటు దగ్గర ఆకుకూరలు అమ్మే అతనిది కోలారు వైపు శ్రీనివాసపుర. అదే తాలూకాలో 45 ఏళ్ళు దాటిన పదివేల మంది మెదళ్ళు ఎలా ముసలివవుతాయో ఏళ్ళ తరబడి గమనించాలని ఇక్కడి ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సైన్స్ ఆవరణలోని సెంటర్ ఫర్ బ్రెయిన్ రీసెర్చ్ వాళ్ళు పని పెట్టుకున్నారని చదివాను. మామిడికాయల ఊరు; కన్నడంతో పాటు తెలుగూ వినిపించే నేల. రోజూ పొద్దున్నే సంచీ పట్టుకుని వెళ్ళి, రాత్రంతా బట్టీపట్టిన వాక్యం వదులుతాను: ‘సొప్పు ఎష్టు?’ అతను ‘కట్ట ఇరవై సామీ, మీకు పద్దెనిమిది’ అని శుభ్రంగా తెలుగులో చెబుతాడు. నేను పట్టుదలగా ‘జాస్తి’ అంటాను. అతను ‘నిన్నా ఇదే రేటు కదా’ అని మళ్ళీ తెలుగే. ఇలా మేమిద్దరం ఒకరి భాష ఒకరం మాట్లాడుకుంటూ బేరం తెగక నిలబడి ఉండగా, మా ఆవిడ ఆ పక్క బండి దగ్గర అరవంలో ఏదో రెండు ముక్కలాడి కొత్తిమీర ఊరికే తెచ్చేసుకుంటుంది.