కేంపు పెద్దమ్మ

పెద్దమ్మ వయసు పద్నాలుగు. తొమ్మిదో తరగతి పరీక్షలు రాసేసి వచ్చింది. బస్సు దిగగానే మిగతా పిల్లలంతా "బాత్రూములెక్కడ టీచర్?" అని నా చుట్టూ మూగితే, ఆవిడ మాత్రం బడి గేటు దగ్గర ఆగి, నడుం మీద చెయ్యేసుకుని, ఆవరణంతా ఓ చూపు చూసి, "ఏటో, పోయినేడు కేంపులా లేదు" అంది. అప్పటికింకా కేంపు మొదలవ్వలేదు.

శ్రీకాకుళం, విజయనగరం వైపు గైడ్స్ శిబిరాలకి పిల్లల్ని వెంటబెట్టుకెళ్ళే టీచరమ్మల్లో నేనొకదాన్ని. సెలవుల్లో ఖాళీగా ఉన్న ఏదో ఒక బడి, నాలుగు గదులు, ఒక వంటపాక, వేపచెట్టు పక్కన జెండా కర్ర. అంతే శిబిరం. అందులోకి ఉద్దానం నుంచి, సీతంపేట కొండల నుంచి, కళింగపట్నం ఒడ్డు నుంచి, చీపురుపల్లి నుంచి, గజపతినగరం నుంచి పిల్లలు దిగుతారు. ఏ శిబిరానికెళ్ళినా వాళ్ళలో పెద్దమ్మ ఒకత్తి ఉండి తీరుతుంది. ఊరు మారుతుంది, జడ పొడుగు మారుతుంది, మనిషి మాత్రం అదే. మిగతావాళ్ళకంటే ఒక్క కేంపు ఎక్కువ చూసి ఉంటుంది. ఆ ఒక్క కేంపు మీదే ఆవిడ సంసారమంతా నడుస్తుంది.

ఆవిడ నోట తరచుగా వచ్చే మాట "ఎప్పట్నుంచో". ఎప్పట్నుంచో అంటే పోయినేడు మే నెల నుంచి అని మనం అర్థం చేసుకోవాలి. "పూర్వం" అంటే అంతకు ముందేడు.

కన్యాశుల్కంలో గిరీశం ఓ వెంకటేశాన్ని సంపాదించుకున్నట్టు, పెద్దమ్మ కూడా మొదటి పూటే ఒక ఏడో తరగతి పిల్లని పట్టేస్తుంది. ఆ పిల్ల పని పెద్దమ్మ పక్క పరవడం, చెంబు మొయ్యడం, వింటూ ఉండడం. "అప్పా, ఈల ఎన్నిసార్లు ఊదితే లెగాల?" "మూడుసార్లు ఊదినా లెగకూడదే. నాలుగోది ఊదినాక, మేడమ్ తలుపు కాడికొచ్చినాక లెగాల. ఎప్పట్నుంచో అంతే." నా ఈలకి ఇంత కర్మకాండ ఉందని నాకప్పుడే తెలిసింది.

భోజనాల వరస చూడాలి. విజయనగరంలో పైడితల్లి సిరిమాను కదిలే ముందు జాలరి వల, పాలధార, అంజలి రథం, తెల్ల ఏనుగు ఉండాలి కదా, అవి లేకుండా సిరిమాను కదలదు. మా దగ్గర ముందు మల్లె దళం, తరవాత తామర, తరవాత గులాబీ, చివర పొద్దుతిరుగుడు. (గైడ్ దళాలకి పూల పేర్లు పెట్టుకుంటాం.) మల్లె ముందెందుకే అనడిగితే, "పూర్వం నించీ మల్లే ముందండి" అంది. పోయినేడు తను మల్లె. ఈ ఏడూ మల్లే. అన్నం కుండ అడుగుకి చేరేసరికి పొద్దుతిరుగుడు పిల్లల మొహాలు నిజంగానే వాలిపోయేవి.

ముడుల క్లాసులో మాత్రం పెద్దమ్మకి చిన్న దెబ్బ తగిలింది. రీఫ్ నాట్, షీప్ షాంక్ అయ్యాక క్లోవ్ హిచ్ దగ్గరకొచ్చాం. కర్రకి తాడు రెండు చుట్లు తిప్పి, రెండో చుట్టు కిందనుంచి కొస తీసి బిగిస్తే అయిపోయే ముడి. పెద్దమ్మ ముందుకొచ్చి, "ఇది నాకు నీళ్ళు తాగినంత" అని వేసి చూపించి లాగింది. తాడు చక్కగా చేతిలోకి వచ్చేసింది. వెనక వరసలోంచి కళింగపట్నం వైపు పిల్ల, రెండ్రోజులుగా నోరు విప్పనిది, లేచొచ్చి ఒంటిచేత్తో గిరుక్కున చుట్టేసి బిగించేసింది. లాగితే కర్ర కదిలింది గానీ ముడి కదల్లేదు. "మా అయ్య తెప్పకి ఏసీదే టీచర్ ఇది. దీనికి ఇంగిలీసు పేరుందేటి?" అంది. పెద్దమ్మ ఓ క్షణం తాడు వైపు చూసి, "పోయినేడు తాడు మంచిది" అంది.

ఎడమచేతి కరచాలనం సంగతి చెప్పకపోతే లాభం లేదు. స్కౌట్లు, గైడ్లు ఎక్కడైనా ఎడమ చెయ్యే కలుపుతారు. పశ్చిమాఫ్రికాలో అశాంతీ వీరులు డాలు పక్కన పెట్టి, అది పట్టే చెయ్యి ఇస్తే నమ్మకానికి గుర్తట. అక్కణ్ణుంచి బేడెన్ పావెల్ తెచ్చాడని గైడు పుస్తకాల్లో చెబుతారు. ఈ అలవాటు తమ బళ్ళో చదివి వెళ్ళిపోయిన ఒక అక్క కనిపెట్టిందని పెద్దమ్మ నమ్మకం. పోనీ అనుకున్నాను. ఇబ్బందల్లా ఇళ్ళకెళ్ళాకే. చీపురుపల్లి వైపు పిల్ల ఒకర్తి ఇంటికెళ్ళి, గుమ్మంలోనే నానమ్మకి ఎడమ చెయ్యి చాపిందట. "ఓలమ్మా! కేంపుకని ఎల్లి ఎడంసెయ్యి నేర్సుకొచ్చిందే గుంట!" అని ముసలావిడ వీధంతా చాటింది. ఆ ఏడు రెండో శిబిరానికి ఆ పిల్ల రాలేదు.

పెద్దమ్మ వంశవృక్షం మీద నేను కొంత పరిశోధన చేశాను. 1907లో ఇంగ్లండు దగ్గర బ్రౌన్‌సీ దీవిలో బేడెన్ పావెల్ ఓ ఇరవైమంది మగపిల్లల్ని పోగేసి మొదటి కేంపు పెట్టాడు. పొద్దున్నే కూడూ జింక కొమ్ము ఊది లేపేవాడు. అందులో మన పెద్దమ్మ జాడ లేదు. 1909లో లండన్ క్రిస్టల్ పేలస్ దగ్గర స్కౌట్లంతా కలిసినప్పుడు, పిలవని పేరంటంలా కొందరాడపిల్లలు వచ్చి నిలబడి మేమూ స్కౌట్లమే అన్నారు. ఆయనకి ఏం చెయ్యాలో తోచక, మరుసటేడు చెల్లెలు ఏగ్నెస్‌కి అప్పగించి గైడ్స్ పెట్టించాడు. 1911కల్లా అది మన జబల్‌పూర్‌కి వచ్చేసింది. 1950లో భారత్ స్కౌట్స్ అండ్ గైడ్స్ ఏర్పడితే, మరుసటేడు ఆగస్టు 15న గైడ్లు అందులో కలిశారు. క్రిస్టల్ పేలస్ ముందు ఆ పిల్లల్ని వరసలో నిలబెట్టింది ఎవరో నాకు చెప్పక్కర్లేదు. ఒక్క కేంపూ చూడకుండానే పెద్దమ్మ అయిన ఘనత మాత్రం ఆవిడదే.

దెయ్యాన్ని కూడా పెద్దమ్మే తెస్తుంది. పోయినేడు విజయనగరం వైపు బడిలో వెనకాల బాత్రూముల దగ్గర గజ్జెల చప్పుడు వినిపించిందట. ఈ ఏడు శిబిరం శ్రీకాకుళం వైపు. మొదటి రాత్రే ఇక్కడా గజ్జెలు! మా టీచర్లకైతే బదిలీకి కౌన్సెలింగులు, పాయింట్లు, ధర్నాలు. దెయ్యానికి ఏ ఆర్డరూ అక్కర్లేకపోయింది. దాంతో రాత్రి బాత్రూముకి ఆరుగురు తక్కువైతే ఎవరూ కదలకూడదని రూలు. ఆరుగురెందుకంటే పోయినేడు పెద్దమ్మతో వెళ్ళినవాళ్ళు ఆరుగురు.

మంట వెయ్యని కేంపు ఫైరు మాది. ఎండకి పక్కనే గడ్డివాము పెళపెళలాడుతుంటే నిప్పు పెట్టే ధైర్యం ఎవరికుంది? పుల్లలు పేర్చి, మధ్యలో బల్బు పెట్టి, ఎర్ర రంగు కాయితం చుడతాం. సవర పిల్లలు నడుముల చుట్టూ చేతులేసుకుని అడుగులు వేస్తే అందరం లేచి కలిసేవాళ్ళం. పెద్దమ్మకి అది కొత్త, అందుకని కాసేపు ఒప్పుకోలేదు. తరవాత ఆవిడే చివరిదాకా వదల్లేదు. ఆపైన వాన చప్పట్లు. ముందు ఒక వేలు అరచేతి మీద, తరవాత రెండు, మూడు, నాలుగు, అయిదు వేళ్ళూ, మళ్ళీ వెనక్కి. సరిగ్గా అయిదు వేళ్ళ దగ్గర కరెంటు పోయింది. ఆ చీకట్లో ఎనభైమంది అరచేతుల మీద వాన కుండపోతగా కురిసింది. వంటమ్మ పాకలోంచి పరుగెత్తుకొచ్చి, తీగ మీద ఆరేసుకున్న చీర లాక్కుని మళ్ళీ లోపలికి పోయింది.

ఆ రాత్రే ఆరో తరగతి పిల్లొకత్తి గోడవారన కూచుని ఏడుస్తోంది. అమ్మ కావాలట. నేను లేచేలోగా పెద్దమ్మ వెళ్ళి పక్కన కూచుంది. "ఇప్పుడేడవకూడదే గుంటా. ఆకర్రోజు, బస్సొచ్చినాక, జెండా కర్ర కాడ ఏడవాల. అందరం కలిసి ఏడుద్దాం" అంది. ఆ పిల్ల ఆశ్చర్యపోయి ఏడుపు ఆపేసింది. పెద్దమ్మ తలగడ కింద నుంచి పొట్లం తీసి, భీమాలి మామిడి తాండ్ర ఓ ముక్క చీల్చి ఇచ్చింది. మూటలు విప్పుకోవడం మూడో రాత్రే అని అందరికీ శాసించింది తనే. ఉద్దానం పిల్లల జీడిపప్పు, సీతంపేట అనాసపళ్ళు ఆ రూలుతోనే ఆగిపోయి ఉన్నాయి. అది రెండో రాత్రి.

ఇక నా సంగతి. మూడేళ్ళ కిందట ఒక శిబిరంలో వడ్డన నా వంతు. పప్పు గుండిగ మూత బిగుసుకుపోయి ఎంతకీ రాదు. పిల్లలు కంచాలు పట్టుకుని నిలబడ్డారు. విసుగెత్తి గరిటెతో ఠంగుఠంగుమని మూడు మొట్టి, "ఓరి దేవుడా" అన్నాను. మూత వచ్చింది. పిల్లలు నవ్వారు. నేను మరిచిపోయాను.

ఈసారి నాలుగో రోజు మధ్యాహ్నం మళ్ళీ నా వంతు. మూత హాయిగా వచ్చేసింది. గరిటె ముంచబోతుంటే పెద్దమ్మ చెయ్యి అడ్డం పెట్టింది.

"అలా వడ్డించీకూడదు మేడమ్. ముందు మూత మీద మూడు దెబ్బలు కొట్టాల. తరవాత అందరం 'ఓరి దేవుడా' అనాల."

"ఎందుకే?"

"అన్నం లేనోళ్ళని తలుచుకోడానికండి. పూర్వం ఒక పెద్ద కేప్టెన్ మేడమ్ పెట్టీసినారు. ఆవిడిప్పుడు లేరు."

వెనక ఎనభై కంచాలు. పొద్దుతిరుగుడు పిల్లలు గుమ్మం అవతల ఎండలో ఉన్నారు. మూత మళ్ళీ పెట్టి, గరిటెతో మూడుసార్లు కొట్టాను.

పెద్దమ్మ తల అడ్డంగా ఊపింది. వెంకటేశం కూడా ఊపింది.

"మీరు కొత్త కదా మేడమ్, తెలీదు. గరిటి తిరగేసి పట్టుకోవాల."

తిరగేసి పట్టుకున్నాను.