చిన్న సైజు టోపీ

సత్యవేడు పక్కన శ్రీసిటీ 2008లో మొదలైంది. అప్పట్లో అది చిత్తూరు జిల్లా, 2022 నుంచి తిరుపతి జిల్లా. జపాన్, కొరియా, చైనా, అమెరికా కంపెనీలు అక్కడ ఒకే ప్రహరీలో ఉన్నాయి. లైన్ల మీద పని చేసేవాళ్లలో చుట్టుపక్కల పల్లెల ఆడపిల్లలు చాలామంది. పై అధికారులకు తెలుగు రాదు. ఈ పిల్లలకు వాళ్ల భాష రాదు. ఇద్దరి మధ్యా ఉండేవాడు హెచ్‌ఆర్ మేనేజరు.

ఒక జపాన్ కంపెనీలో ఆ మేనేజరు చిత్తూరు మనిషి. దుబాయిలో, మలేసియాలో, సింగపూర్‌లో ఇదే ఉద్యోగం చేసి వచ్చాడు. జపాన్ నుంచి కొత్తగా ఎవరు దిగినా ఇక్కడి ఆచారాల మీద మొదటి పాఠం చెప్పేది అతనే. బాగా చెప్తాడని పేరు.

ఒక సోమవారం ఉదయం ఫ్యాక్టరీ డైరెక్టరు రౌండుకు వెళ్లాడు. ప్యాకింగ్ లైనులో ఒక అమ్మాయి టోపీ కనుబొమల మీదికి జారుతోంది. ఎడమచేత్తో పైకి నెట్టుకుంటుంది, కుడిచేత్తో డబ్బా అందుకుంటుంది. టోపీ మళ్లీ జారుతుంది. ఆయన వెనక నిలబడి చూశాడు. టోపీ కింద జుట్టు లేదు. మెడ మీద ఎండిన గంధం ఉంది.

ఆమె ఎవరో ఆయనకు తెలుసు. కొన్ని వారాల కిందట లేబుళ్లు తారుమారైనప్పుడు ఆమెకిచ్చిన మెమో మీద సంతకం ఆయనదే. సంజాయిషీ తీసుకుని, హెచ్చరికతో సరిపెట్టారు.

డైరెక్టరు ఆమె ఎదుటికి వెళ్లి నడుం వంచి తల దించాడు. చాలాసేపు ఎత్తలేదు. అమ్మాయి భయపడి రెండడుగులు వెనక్కి వేసింది. లైను ఆగింది.

మేనేజరును గదిలోకి పిలిచాడు.

"ఆమెను మనం ఏం చేశాం?"

జపాన్‌లో తప్పు చేసినవాళ్లు గుండు గీయించుకుని క్షమాపణ కోరడం ఉంది. 2013లో ఏకేబీ48 బృందం గాయని మినామి మినెగిషి గుండుతో కెమెరా ముందుకొచ్చి ఏడ్చింది. డైరెక్టరు ఆ సంగతి చెప్పాడు. ఒక మెమోకు ఒక ఆడపిల్ల జుట్టు తీసేసుకుందంటే విచారణ జరగాల్సిందేనని, హెడ్డాఫీసుకు తానే రాస్తానని అన్నాడు.

మేనేజరు ఆయన్ను కూర్చోబెట్టాడు. ఇక్కడ గుండుకూ తప్పుకూ సంబంధం లేదన్నాడు. తిరుమల కల్యాణకట్టలో రోజూ వేలమంది తలనీలాలిస్తారు. పసిబిడ్డలిస్తారు, ముసలివాళ్లిస్తారు, ఆడవాళ్లిస్తారు. ఆ జుట్టు వేలం మీద దేవస్థానానికి ఏడాదికి వంద కోట్ల రూపాయలకు పైగా వస్తుంది. స్వామి తలకు గాయమై జుట్టు పోయిన చోట నీలాదేవి తన కురులు కోసి పెట్టిందని కథ. అందుకే అవి తలనీలాలు. బిడ్డ పుడితే ఇస్తారు, జబ్బు నయమైతే ఇస్తారు, పెళ్లి కుదిరితే ఇస్తారు.

"ఇది దుఃఖం కాదు సార్, సంతోషం" అన్నాడు.

ఇందులో ఒక్క మాటా అబద్ధం కాదు. తిరుపతి చుట్టుపక్కల పుట్టినవాళ్లు ఎవరైనా ఇదే చెప్తారు.

"ఆమెను అడిగారా?" అన్నాడు డైరెక్టరు.

"మొక్కు సొంత విషయం సార్. అడగడం మర్యాద కాదు."

డైరెక్టరు మనసు కుదుటపడింది. విచారణ మాట మానేశాడు. మేనేజరు చెప్పిందంతా రెండు పేజీలు రాయించి హెడ్డాఫీసుకు పంపాడు. వాళ్లకు అది ఎంతో నచ్చింది. ఇండియాకు వచ్చే అధికారుల శిక్షణలో దాన్ని పాఠంగా పెట్టుకున్నారు. మేనేజరుకు మెచ్చుకోలు ఉత్తరం వచ్చింది.

డైరెక్టరు ఇంకొక్కటి అడిగాడు. ఆ అమ్మాయికి చిన్న సైజు టోపీ ఇవ్వమన్నాడు. స్టోర్లో లేకపోతే తెప్పించారు. మేనేజరే దాన్ని లైను దగ్గరికి తీసుకెళ్లాడు.

"కొండకు పోయొచ్చినావంట కదమ్మా. మంచిది. దేనికి మొక్కుకున్నావు, పెండ్లికా?"

ఆమె టోపీ పెట్టుకుని సర్దుకుంది. ఈసారి జారలేదు.

"కాదు సార్. ఉజ్జోగం పోకుండా ఉంటే జుట్టిస్తానని మొక్కుకున్నా. మీరు ఆ మెమో ఇచ్చినారే, ఆ పొద్దు."